మెదడుతో నడిచే కుర్చీ: మనిషి ఎంత చెప్పాలి, మెషీన్ ఎంత చూసుకోవాలి?

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం వైపు కాలేజీల్లో ‘ఆలోచనతో నడిచే వీల్‌చైర్’ పోస్టరు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. నుదుటికి ఒక బ్యాండు, దానికి ఒకటో రెండో సెన్సర్లు, బ్లూటూత్, రెండు మోటార్లు. పిల్లలు కష్టపడి చేస్తారు, కుర్చీ నిజంగానే కదులుతుంది. దగ్గరకెళ్లి చూస్తే మాత్రం చాలాసార్లు దాన్ని కదిపింది ఆలోచన కాదు, కంటిరెప్ప. గట్టిగా ఒకసారి రెప్ప వేస్తే ముందుకు పోతుంది, రెండుసార్లు వేస్తే ఆగుతుంది. రెప్ప కొట్టినప్పుడు నుదుటి మీద పుట్టే కరెంటు మెదడు నుంచి వచ్చే సంకేతం కంటే ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి సెన్సరుకు ముందుగా దొరికేది అదే.

రెప్ప కదపగలిగే రోగికి రెప్పతో నడిచే కుర్చీ మంచి కుర్చీయే. కానీ ఆ పోస్టరు చదివినవాళ్లు ఇంట్లో మంచం పట్టిన మనిషిని తలుచుకుంటారు. “ఏటి మాస్టారూ, మా నాన్న మనసులో ఏటుందో ఇది సెప్పేస్తాదా?” అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఎంత ఆశ ఉంటుందో తెలిసినవాళ్లు దానికి తొందరపడి అవుననకూడదు, కాదని కొట్టిపారేయనూకూడదు. పుర్రె కోయకుండా, తల మీద పెట్టిన సెన్సర్లతో ఏం సాధ్యమో, ఏది కాదో విడమరిచి చెప్పుకోవాలి.

తల మీద దొరికేది ఎంత?

జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. మనం ఈఈజీ అంటున్నది అదే. దాని బలం సుమారు 10 నుంచి 100 మైక్రోవోల్టులు. గుండెకు తీసే ఈసీజీ ఒక మిల్లీవోల్టు దాకా ఉంటుంది. అంటే ఈఈజీ దానిలో పదో వంతు, ఒక్కోసారి వందో వంతు. పైగా అది ఏ ఒక్క నాడీకణానిదీ కాదు. లక్షల కణాలు ఒకే తాళంలో పనిచేస్తేనే బయటికి కాస్త తెలుస్తుంది. అదీ పుర్రె ఎముక, చర్మం దాటేసరికి పక్కపక్క ప్రాంతాల సంకేతాలు కలిసిపోయి వస్తుంది.

దవడ బిగించినా, కనుగుడ్డు తిప్పినా, మెడ పట్టేసినా సంకేతం పాడైపోతుంది. గోడలో పోయే కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద ఎప్పుడూ ఉండేదే. మన వైపు ఇంకో సంగతి ఉంది: తలకు కొబ్బరినూనె. నూనె ఉంటే ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య సంబంధం సరిగ్గా కుదరదు. ఈఈజీ తీయించుకోవడానికి వెళ్లేవాళ్లను ముందురోజు షాంపూతో తలంటుకుని నూనె రాసుకోకుండా రమ్మనేది అందుకే. జెల్ వేసి ఎలక్ట్రోడ్ల టోపీ పెడితే సంకేతం మెరుగ్గా వస్తుంది. కానీ రోజూ ఆ జెల్ పెట్టేదెవరు, తర్వాత తల కడిగేదెవరు అని అడిగితే, ఇంట్లో కోడలో కూతురో అని జవాబు వస్తుంది. పరిశోధన పత్రాల్లో ఈ పని ఒక్క వాక్యంలో అయిపోతుంది, ఇంట్లో రోజుకు అరగంట తీసుకుంటుంది.

ఇంత మసకగా వచ్చే సంకేతంలోంచి మాటలు, వాక్యాలు, జ్ఞాపకాలు చదవడం కుదరదు. గుర్తుపట్టగలిగేవి కొన్ని ముద్రలు, అంటే ఒక పని చేసినప్పుడల్లా దాదాపు ఒకేలా వచ్చే సంకేతాలు మాత్రమే. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు మనసు చదవాలని చూడరు. మనిషి కావాలనుకున్నప్పుడు మెదడులో పుట్టించగలిగేది, యంత్రం నమ్మకంగా పట్టుకోగలిగేది ఏదైనా ఉందా అని వెతుకుతారు. 1973లో జాక్ విడాల్ అమెరికాలో ‘బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్’ అన్న మాటను తొలిసారి వాడినప్పటి నుంచి సాగుతున్న వెతుకులాట ఇదే.

అలా దొరికినవాటిలో మూడు బాగా నిలబడ్డాయి.

మొదటిది పీ300. వరసగా మామూలు సంఘటనలు జరుగుతుండగా, మనం ఎదురుచూస్తున్న అరుదైనది తగిలితే, సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడు విద్యుత్తులో ఒక చిన్న గుట్టలాంటిది లేస్తుంది. 1988లో అమెరికా పరిశోధకులు ఫార్వెల్, డాంచిన్ దీన్ని రాతకు వాడారు. ఆరు అడ్డం, ఆరు నిలువు, మొత్తం 36 గడుల పలక. అడ్డ వరసలు, నిలువు వరసలు ఒక క్రమం లేకుండా మెరుస్తుంటాయి. మనిషి తనకు కావలసిన అక్షరం మీద ధ్యాస పెట్టి, అది ఎన్నిసార్లు మెరిసిందో మనసులో లెక్కపెట్టుకుంటాడు. ఏ అడ్డ వరస, ఏ నిలువు వరస మెరిసినప్పుడు గుట్ట లేచిందో చూసి, అవి కలిసిన చోట ఉన్న అక్షరాన్ని యంత్రం రాస్తుంది. ఒక్క మెరుపుతో తేలదు కాబట్టి ఎన్నోసార్లు మెరిపించి సగటు తీయాలి. ఆ మొదటి ప్రయోగంలో వేగం నిమిషానికి సుమారు 2.3 అక్షరాలు. తర్వాత మెరుగుపడింది గానీ ఇబ్బంది పూర్తిగా పోలేదు.

ఇక్కడ తెలుగువాళ్లం ఆగి ఆలోచించాలి. 36 గడులు ఇంగ్లీషు 26 అక్షరాలకూ పది అంకెలకూ సరిగ్గా సరిపోయాయి. మనకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ కలిపితే అరవై దాటుతాయి. పలక ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు కావాలి. ఒక రౌండుకు 12 మెరుపుల బదులు 16 కావాలి. ‘శ్రీకాకుళం’ అని రాయాలంటే కంప్యూటరు లెక్కలో పది ఎంపికలు. 1988 నాటి వేగంతో నాలుగు నిమిషాల పైమాట. రెండు అంచెల్లో చేయొచ్చు: ముందు హల్లు ఎంచుకుంటే దాని గుణింతం మొత్తం ఇంకో పలకగా తెరుచుకుంటుంది. అప్పుడు పలక చిన్నదవుతుంది, కానీ ప్రతి అక్షరానికీ రెండుసార్లు తప్పు చేసే అవకాశం వస్తుంది. ఫోన్లో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయించడం సులువే, అది వచ్చిన కుర్రాళ్లకు. పలాస దగ్గర జీడితోటలో పనిచేసి స్ట్రోక్ వచ్చి పడిపోయిన అరవై ఏళ్ల మనిషికి అది పనికిరాదు. చదువు రానివాళ్లకు బొమ్మలుండాలి. చూపు నిలపలేనివాళ్లకు ఇవే ముద్రలను మాటలు వినిపించి కూడా పుట్టించవచ్చు, కాకపోతే వేగమూ ఖచ్చితత్వమూ తగ్గుతాయి.

రెండోదానికి ఎస్‌ఎస్‌వీఈపీ అనే పెద్ద పేరుంది, సంగతి చిన్నదే. సెకనుకు పదిసార్లు మిణుకుమనే దీపాన్ని చూస్తే, తల వెనక చూపుకు సంబంధించిన భాగంలో అదే పది హెర్ట్జ్ లయ బలపడుతుంది. తెర మీద ఒక్కో గడిని ఒక్కో వేగంతో మిణుకుమనిపిస్తే మనిషి దేన్ని చూస్తున్నాడో తెలిసిపోతుంది. 2015లో చైనాలోని త్సింగ్హువా విశ్వవిద్యాలయం బృందం 8 నుంచి 15.8 హెర్ట్జ్ దాకా 0.2 తేడాతో 40 గడులు పెట్టి, నిమిషానికి 60 అక్షరాల దాకా రాయించింది. తల బయటి సెన్సర్లతో అది ఆశ్చర్యపరిచే వేగం. శిక్షణ కూడా పెద్దగా అక్కర్లేదు. అయితే రాసినవాళ్లు ఆరోగ్యవంతులు, కనుగుడ్డు చక్కగా తిప్పగలిగినవాళ్లు. గంటసేపు మిణుకులు చూడటం చిరాకు. మూర్ఛ ఉన్నవాళ్లలో కొందరికి ఇలాంటి మిణుకులు ఫిట్స్ తెప్పించగలవు, కాబట్టి డాక్టర్ని అడగకుండా పెట్టకూడదు. అసలు కనుగుడ్డు అంత బాగా తిప్పగలిగితే, కెమెరాతో చూపును పట్టే పరికరమే చవకగా, నమ్మకంగా పని చేస్తుంది కదా!

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కష్టమైనది కూడా: కదలికను ఊహించుకోవడం. కుడి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకుంటే, మెదడు ఎడమవైపు చేతిని నడిపే ప్రాంతంలో 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య ఉండే మ్యూ లయ తగ్గుతుంది. ఎడమ చెయ్యి ఊహించుకుంటే కుడివైపు తగ్గుతుంది. నడినెత్తికి ఎడమ, కుడి పక్కల ఉండే సీ3, సీ4 అనే చోట్ల పెట్టిన సెన్సర్లు ఈ తేడాను చూస్తాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఫర్ట్‌షెల్లర్ బృందం దీని మీద దశాబ్దాలు పనిచేసింది. ఇక్కడ తెర మెరవక్కర్లేదు, చూపు నిలపక్కర్లేదు. మనిషి తనంతట తాను, తనకు తోచినప్పుడు పుట్టించే సంకేతం ఇది.

కష్టం నేర్చుకోవడంలో ఉంది. చెయ్యి కదులుతున్న బొమ్మను మనసులో చూస్తే చాలదు. కండరం బిగిసినట్టు, వేళ్లు అరచేతికి ఒత్తుకున్నట్టు లోపల అనిపించాలి. అది సరిగ్గా చేస్తున్నామో లేదో మనకు మనం తెలుసుకోలేం. తెర మీద కర్సర్ కదిలితేనే తెలుస్తుంది. అందుకే ఇది వారాలు, నెలలు తీసుకునే సాధన. 15 నుంచి 30 శాతం మందికి ఇది పట్టుబడదని ఈ రంగంలో తరచూ చెప్పే అంచనా. ఆ లోపాన్ని రోగి మీదకు తోసేయడం నాకు నచ్చదు. పాఠం సరిగా చెప్పకపోయినా విద్యార్థి తప్పుతాడు.

పాఠం బాగుంటే ఏమవుతుందో 2016లో జ్యూరిక్‌లో జరిగిన సైబథ్లాన్ పోటీ చూపించింది. అందులో మెదడు సంకేతాలతో తెర మీద బొమ్మను పరిగెత్తించే పందెం ఉంది, పోటీదారులు కాళ్లూ చేతులూ పనిచేయనివాళ్లు. స్విట్జర్లాండుకు చెందిన ఒక జట్టు తన ఇద్దరు పోటీదారులకు నెలల ముందు నుంచి శిక్షణ ఇచ్చింది. యంత్రంలోని లెక్కలను మాటిమాటికీ మార్చలేదు. కాళ్ల కింద నేల కదలకుండా ఉంటేనే మనిషి నడక నేర్చుకోగలడన్నది వాళ్ల నమ్మకం. ఆ ఇద్దరిలో ఒకరు పందెం గెలిచారు.

వీటన్నిటికంటే నెమ్మదైన పద్ధతి ఇంకొకటి ఉండేది. 1999లో జర్మనీలో బిర్‌బౌమర్ బృందం కండరాలను నడిపే నాడులు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బుతో కదల్లేని రోగులకు మెదడు విద్యుత్తును నెమ్మదిగా పైకీ కిందికీ మార్చడం నేర్పి ఉత్తరాలు రాయించింది. ఇప్పుడు దాన్ని పెద్దగా వాడటం లేదు.

దారి చెప్పాలా, చోటు చెబితే చాలా?

ఏ ముద్ర పట్టుకోవాలన్నది సగం సంగతి. మిగతా సగం గురించి మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక్క పేజీ కూడా కనబడదు. పట్టుకున్న ముద్రతో మనిషి చేత ఏం చేయించాలి? ప్రతి అడుగూ అతనే నడపాలా? లేక ఎక్కడికో చెబితే చాలా?

శ్రీకాకుళం రైల్వే స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కుతాం. “ఏడు రోడ్ల జంక్షన్” అంటాం. హ్యాండిల్ ఎప్పుడు ఎంత తిప్పాలో, బ్రేకు ఎప్పుడు వెయ్యాలో మనం చెప్పం. మన వీల్‌చైర్ ప్రాజెక్టుల్లో మాత్రం రోగి చేత ‘ముందుకు, ముందుకు, ఎడమకు, ముందుకు, ఆగు’ అనిపిస్తాం. అదీ తొట్రుపడే సంకేతంతో.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత దుర్మార్గమో తెలుస్తుంది. యంత్రం ఒక్కో ఆజ్ఞను నూటికి 90 సార్లు సరిగ్గా పడుతుందనుకుందాం. తల బయటి సెన్సర్లకు అది మంచి మార్కే. మంచం దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా పది ఆజ్ఞలు కావాలి. పదీ వరసగా సరిగ్గా పడే అవకాశం నూటికి 35 మాత్రమే. 80 శాతం ఖచ్చితత్వంతో అయితే నూటికి 11 కూడా ఉండదు. అదే ‘వీధి గుమ్మం’ అన్న ఒక్క ఎంపికతో పని అయిపోతే, ఆ 90 శాతమూ అలాగే దక్కుతుంది. సెన్సరు అదే, మెదడు అదే, అడిగిన ప్రశ్న మారింది.

ఈ తేడాను స్పష్టంగా ముందుకు తెచ్చినవాళ్లలో అమెరికా పరిశోధకుడు జొనాథన్ వుల్పా ఒకరు. ప్రతి అడుగూ మనిషే చూసుకోవడం ఒక పద్ధతి, గమ్యం మాత్రం మనిషి చెప్పి మిగతాది యంత్రానికి వదలడం ఇంకో పద్ధతి. మన శరీరం కూడా రెండో దారిలోనే నడుస్తుంది. గ్లాసు అందుకోవాలని అనుకుంటాం గానీ ఏ కండరం ఎంత బిగించాలో లెక్క వేసుకోం. ఆ పని వెన్నుపాము, చిన్నమెదడు, మెదడులోని మిగతా భాగాలు పంచుకుంటాయి.

అయితే మొదటి పద్ధతి పనికిరానిది కాదు. వుల్పా, మెక్‌ఫార్లాండ్ ఇద్దరూ 2004లో నలుగురితో, వారిలో ఇద్దరు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు, కర్సర్‌ను అడ్డంగానూ నిలువుగానూ ఒకేసారి నడిపించి చూపించారు. పుర్రె తెరవకుండా ఇది కుదరదనుకునే రోజులవి. 2019లో అమెరికాలో బిన్ హీ బృందం రోబో చేతిని తెర మీద కదిలే గురి వెంట ఆగకుండా నడిపించింది. ఎవరూ ముందుగా ఊహించని చోటికి వెళ్లాలంటే, బొమ్మ గీయాలంటే, ఆట ఆడాలంటే, ప్రతి కదలికా చేతిలో ఉండాల్సిందే. గమ్యాల జాబితాలో లేని చోటికి రెండో పద్ధతిలో దారి లేదు.

మధ్యేమార్గం ఒకటుంది. స్విట్జర్లాండులోని లొజాన్‌లో మియాన్ బృందం చేసిన వీల్‌చైర్లో మనిషి ఎడమ, కుడి అని మాత్రం సూచిస్తాడు. తలుపు మధ్యలోంచి పోవడం, గోడకు తగలకుండా తప్పుకోవడం కుర్చీ సెన్సర్లు చూసుకుంటాయి. నా ఉద్దేశంలో మన ఇళ్లకు ఇదే సరిపడేది. గడపలు, వసారాలో చెప్పులు, నేల మీద కూర్చుని కూర తరిగే మనిషి, మధ్యలో పరిగెత్తే పిల్లలు ఉన్న ఇంట్లో మెదడు సంకేతం ఒక్కదాన్నీ నమ్మి కుర్చీ వదిలితే ప్రమాదం.

గమ్యాల జాబితా ఎవరు రాస్తారన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. ఎక్కడో తయారైన పలకలో టీవీ, జ్యూస్, మ్యూజిక్ అని ఉంటాయి. ఇక్కడ మంచంలో ఉన్న మనిషికి ముందుగా కావలసినవి వేరు: పక్కకు తిప్పండి, గొంతులో కఫం తియ్యండి, దోమతెర వెయ్యండి, కాలు లాగుతోంది, నొప్పి, వద్దు. ఆ ‘వద్దు’ లేని పలకను నేను ఒప్పుకోను. అవుననడానికి మాత్రమే అవకాశమిచ్చే యంత్రం మనిషి మాట వింటున్నట్టు కాదు.

ఏమీ అననప్పుడు?

ఇంకో పెద్ద చిక్కు మౌనం. ప్రయోగశాలలో గంట మోగాక ఊహించుకోండి అంటారు, నాలుగు సెకన్లు ఊహించుకుంటారు, యంత్రం తేలుస్తుంది. ఇంట్లో గంట ఉండదు. రోగి వార్తలు వింటూ ఉంటాడు, కునుకు తీస్తాడు, మనవరాలిని చూసి నవ్వుకుంటాడు. అప్పుడు యంత్రం ఏమీ చేయకూడదు. ఎడమా కుడా అన్న రెండే జవాబులు నేర్పిన యంత్రానికి ‘ఏదీ కాదు’ అనడం రాదు, దేన్నో ఒకదాన్ని ఎంచుకుంటుంది. మన ప్రాజెక్టుల్లో ఖచ్చితత్వం 95 శాతం అని రాసినప్పుడు, ఖాళీగా కూర్చున్న పది నిమిషాల్లో కుర్చీ ఎన్నిసార్లు తనంతట తాను కదిలిందో కూడా రాయాలి. ఆ అంకె లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

దీనికి దారులున్నాయి. సంకేతం కొంతసేపు నిలిస్తేనే ఆజ్ఞగా లెక్కించడం ఒకటి. అప్పుడు పొరపాట్లు తగ్గుతాయి, వేగమూ తగ్గుతుంది. రెండు ముద్రలను కలపడం ఇంకొకటి. పాదం కదిపినట్టు ఊహించుకుంటే మిణుకు దీపాలు వెలుగుతాయి, ఆ దీపాలను చూసి పని చేయించుకుంటారు, మళ్లీ పాదం ఊహించుకుంటే ఆరిపోతాయి. గ్రాజ్ బృందం 2010లో చేతికి తొడిగే పరికరంతో ఇలా చేసి, తనంతట తాను కదలడం బాగా తగ్గిందని చూపించింది. మరో అందమైన సంగతి: యంత్రం తప్పు చేసిందని చూడగానే మన మెదడులో దానికో ప్రత్యేక ముద్ర పుడుతుంది. దాన్ని పట్టుకుంటే, రోగి ఏమీ చేయకుండానే తప్పు అక్షరం చెరిపేయవచ్చు.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వద్దాం. “మా నాన్న మనసులో ఏటుందో సెప్పేస్తాదా?” చెప్పదు. మనసులో మాట చదివి పలికే హెడ్‌సెట్ అని ఎవరైనా అమ్మితే కొనకండి. ముందు ఆయన శరీరంలో ఏ కదలిక మిగిలి ఉందో ఫిజియోథెరపిస్టుతో కలిసి చూడండి: కనుగుడ్డు, రెప్ప, బొటనవేలు, చెంప. స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్లలో మాట్లాడింది చెంప కండరం కదలికతోనే. అట్ట మీద అక్షరాలు రాసి, పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని ఒప్పందం పెట్టుకుంటే ఖర్చు లేకుండా ఈ రోజే మాట మొదలవుతుంది. కనుగుడ్డు కూడా పూర్తిగా ఆగిపోయిన వాళ్లతో తల బయటి సెన్సర్ల ద్వారా నమ్మదగిన సంభాషణ ఇంకా రుజువు కాలేదు. సాధించామని 2017లో వచ్చిన ఒక పేరున్న పత్రాన్ని 2019లో వెనక్కి తీసుకున్నారు.

ఆశ పెట్టుకోదగ్గ చోటు మరొకటి ఉంది, స్ట్రోక్ తర్వాతి వ్యాయామం. చెయ్యి కదపాలని మనిషి ప్రయత్నించిన క్షణాన్నే పట్టుకుని, అదే క్షణంలో కండరానికి చిన్న కరెంటు ఇచ్చో, చేతికి తొడిగిన యంత్రంతోనో వేళ్లను కదిపితే, ఉద్దేశానికీ కదలికకూ తెగిన లంకె మళ్లీ బలపడుతుందన్నది దీని వెనక ఆలోచన. ఈ తరహా పరికరం ఒకదానికి మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021 ఏప్రిల్లో అనుమతి ఇచ్చింది. ఇక్కడ నిమిషానికి ఎన్ని అక్షరాలన్న ప్రశ్నే లేదు. యంత్రం అప్పుడప్పుడు తడబడినా ఒక వ్యాయామం వృథా అవుతుందంతే, కుర్చీ గోడకు గుద్దుకోదు.

ప్రాజెక్టు చేయబోయే పిల్లలకు రెండు మాటలు. సెన్సర్లను నుదుటి మీంచి తీసి సీ3, సీ4 దగ్గర పెట్టండి. కంటి పక్కన ఇంకో సెన్సరు పెట్టి, రెప్ప కదలకుండానే ఆజ్ఞ వెళ్లిందని చూపించండి. అదీ కుదరకపోతే, హెడ్‌సెట్ లేకుండానే చేయదగ్గ మంచి ప్రాజెక్టు ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టులతో, మంచంలో ఉన్నవాళ్లతో, వాళ్లను చూసుకునే ఆడవాళ్లతో కూర్చుని, రోజులో ఏ మాట ఎన్నిసార్లు అవసరమవుతుందో రాసుకోండి, వాళ్లు పలికే యాసలోనే. ఎక్కువ వాడే ఓ ముప్పై మాటలకు బొమ్మలు గీసి, ‘వద్దు’ను పై మూలన పెట్టి ఒక పలక చెయ్యండి. దాన్ని పీ300 తెర మీద పెట్టాలా, కంటిచూపు పరికరంలో పెట్టాలా, అట్ట మీద అంటించి మంచం పక్కన తగిలించాలా అన్నది ఆ మనిషిలో ఏ కదలిక మిగిలి ఉందో చూసి తర్వాత తేల్చుకోవచ్చు.